ఖాళీగా వదిలిన గడి

మేడమ్ పోయారన్న ఫోను వచ్చినప్పుడు నేను ఒకావిడను, "పోయిన నెల పండక్కి గోలీ ఏమన్న వేసుకున్నవా అక్కా?" అని అడుగుతున్నాను. కాప్రాలో మా ఇంటికి దగ్గర్లోనే ఉన్న ఒక చిన్న ఆడవాళ్ల ఆసుపత్రిలో నా ఉద్యోగం. డాక్టరమ్మ గదిలోకి వెళ్లే ముందు ఒక్కొక్కరితో పది నిమిషాలు కూర్చుని వివరాలు రాసుకోవడం నా పని. ఫోను చేసింది మేడమ్ తమ్ముడు. "అక్క పొద్దున్నే వెళ్లిపోయిందమ్మా. నిద్రలోనే. నీకు వెంటనే చెప్పమని ఎప్పుడో చెప్పి ఉంచింది," అన్నారు. "అట్లనా సార్," అన్నాను. ఎదురుగా ఉన్నావిడ నా మొహం చూసి ఏమైందని అడిగింది. "మా మేడమ్ పోయింది," అని చెప్పి, నా ప్రశ్నకు ఆవిడ ఇచ్చిన జవాబు రాసుకుని, అప్పుడు లేచి ఆటో ఎక్కాను. రాయకుండా లేచి వచ్చానని తెలిస్తే పోయిన మనిషి లేచి కూర్చుని మరీ తిట్టేది.

అల్వాల్‌లో వాళ్ల ఇంటి ముందు గదిలో పడుకోబెట్టారు. పాత విద్యార్థులు వచ్చారు, అందరికీ తలలు నెరిశాయి. ఎవరో ప్రేమతోనే మల్లెపూల దండలు తెచ్చి మెడ దాకా కప్పేశారు. అది చూడగానే నాకు ప్రాణం ఉసూరుమంది. నాకు తెలిసి మేడమ్ ఎన్నడూ పూలు పెట్టుకోలేదు. పౌడరు రాయలేదు, ఇంట్లో అగరొత్తి వెలిగించనివ్వలేదు. వాసన లేని సబ్బు కోసం సికింద్రాబాద్ దుకాణాలన్నీ గాలించేవారు. వాసనల మీద పనిచేసేవాళ్లు తమ ఒంటి మీద వాసన మోయకూడదన్నది ఆవిడ నియమం. "తీయుర్రి, శాంపిల్ ఖరాబైతది," అని అరవాలనిపించింది. అంత ఏడుపులోనూ నవ్వొచ్చి, కొంగు అడ్డం పెట్టుకున్నాను.

ఆవిడ గురించి మీకు చెప్పాలి. ఊరికే మంచిది, గొప్పది అంటే ఆవిడకే నచ్చదు. జరిగింది జరిగినట్టు చెబుతాను. అందులో నా తప్పు కూడా ఉంది.

మేడమ్‌ది కోస్తా వైపు కుటుంబం. ఇక్కడి వైద్య కళాశాలలో శరీరం ఎలా పనిచేస్తుందో చెప్పే పాఠాలు చెప్పి, పదవీ విరమణ చేసి, తమ్ముడి కుటుంబంతో కలిసి అల్వాల్‌లో ఉండేవారు. ముందరి రెండు గదులు ఆవిడవి. నేను రెజిమెంటల్ బజార్‌లో పుట్టి పెరిగినదాన్ని. డిగ్రీ మధ్యలో ఆగిపోయి, జిరాక్స్ షాపులో పనిచేస్తున్నాను. ఒకరోజు ఆవిడ ఏవో కార్డులు ప్రింటు తీయించుకోవడానికి వచ్చారు. ఆడవాళ్ల నెలసరి తేదీలు రాసే కార్డులవి. చూడగానే నేను, "మేడమ్, నొప్పి గడి తారీఖు గడి కన్న ముందుంది. తారీఖు రాయకముందే నొప్పి ఎట్ల రాస్తరు?" అన్నాను. ఆవిడ కళ్లజోడు పైకి తోసుకుని కార్డు చూసి, నన్ను చూసి, "రేపు పొద్దున అల్వాల్ రాగలవా?" అన్నారు. అదే నా ఇంటర్వ్యూ.

ఆవిడకు ప్రతిదీ వాసన చూసే అలవాటు. తాళంచెవి, పాత పుస్తకం, వానకు తడిసిన గొడుగు, చివరికి నేను రాసి తెచ్చిన కార్డులు కూడా ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకునేవారు. "ఇది నీ టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకొచ్చావు. ఇవాళ పచ్చిపులుసా?" అనేవారు. నిజంగా పచ్చిపులుసే. మొదట్లో నాకు భయమేసేది. తర్వాత డబ్బా వేరే సంచిలో పెట్టుకోవడం నేర్చుకున్నాను.

ఇంతకీ ఆవిడ వెతుకుతున్నది ఫెరోమోన్లు. చీమ నడిచిన దారిలో వెనక చీమలు వస్తాయి కదా, ముందు చీమ వదిలిన ఒక రసాయనం చెప్పే కబురది. ఎలుకల్లో, పందుల్లో కూడా ఇలాంటి కబుర్లు ఉన్నాయట. ఒకదాని ఒంటి వాసన ఇంకోదాని హార్మోన్లను కదిలిస్తుందట. మరి మనుషుల్లో? "ఉందని ఎవరూ గట్టిగా చూపించలేదు. లేదని కూడా చూపించలేదు," అనేవారు మేడమ్. చదువుకునే రోజుల్లో హాస్టల్‌లో తన గదిలోని నలుగురికీ నెలసరి ఒకేసారి రావడం మొదలైందట. ఒకరి చెమటలోంచి ఇంకొకరికి ఏదైనా కబురు అందుతోందా అని అప్పుడు పట్టుకున్న అనుమానం ఆవిడను వదల్లేదు. కళాశాలలో వెనకాల ఆవిడను "చెమట మేడమ్" అనేవాళ్లు. ఆవిడకు ఆ సంగతి తెలుసు.

ఒకసారి వాళ్ల మేనల్లుడు ఏదో సెంటు సీసా తెచ్చుకున్నాడు. ఇందులో ఫెరోమోన్లున్నాయి, కొట్టుకుంటే ఆడపిల్లలు వెంటపడతారు అని దాని మీద రాసి ఉంది. మేడమ్ ఆ సీసా లాక్కుని మూత తీసి ఒక్క పీల్పు పీల్చి, "ముప్పై ఏళ్లుగా నాకు దొరకంది వీళ్లకి ఎక్కడ దొరికిందిరా? ఇందులో ఉన్నది నిమ్మనూనె," అన్నారు. వాడు దాన్ని కొట్టుకుని కాలేజీకి వెళ్లి, తుమ్ములతో తిరిగొచ్చాడు. వారం రోజులు మేడమ్ వాడు ఎదురుపడినప్పుడల్లా, "ఏరా, ఎంతమంది పడ్డారు?" అని అడిగారు.

మా పని అప్పట్లో రెజిమెంటల్ బజార్‌లో మా వీధిలోనే ఉన్న ఆడపిల్లల హాస్టల్‌లో. షాపుల్లో, ఆఫీసుల్లో పనిచేసే పిల్లలు, నర్సింగ్ చదివేవాళ్లు, మొత్తం నలభై ఒక్కమంది. మేడమ్ అందరినీ కూర్చోబెట్టి విషయం చెప్పి, ఒప్పుకున్నవాళ్ల దగ్గర సంతకాలు తీసుకున్నారు. వైశాఖంలో మొదలుపెట్టాం. ప్రతి సోమవారం నేను వెళ్లి కార్డులు నింపాలి. తేదీ, ఎన్ని రోజులు, నొప్పి, జ్వరం, చివర్లో మందులు. నన్ను కూడా ఒక కార్డు పెట్టుకోమన్నారు. "నీది నువ్వు నింపుకుంటే ఎదుటివాళ్లని ఎలా అడగాలో తెలుస్తుంది. గుసగుసగా అడిగావో, అబద్ధం వస్తుంది. ఇవాళ కూరేం వండావని అడిగినట్టు అడుగు," అన్నారు. నాది నలభై రెండో కార్డు.

హాస్టల్ నడిపే అక్కకు పూజలంటే ప్రాణం. బోనాలకు హాస్టల్ తరఫున బోనం ఎత్తాలి, శ్రావణంలో వరలక్ష్మి వ్రతం చేయాలి, వినాయకుణ్ణి పెట్టాలి, దసరా ముందు తొమ్మిది రోజులూ బతుకమ్మ పేర్చాలి. ఆ రోజుల్లో పిల్లల్లో ఎవరికైనా డేట్ వచ్చిందంటే ఇల్లంతా మైల అని గోల. అందుకని పండగకు వారం ముందే, "ఏ పిల్లా, జెర గోలీలు తెచ్చిపెట్టు," అని నాకే చెప్పేది. నెలసరిని వాయిదా వేసే మాత్రలు. మా బజార్ మెడికల్ షాపులో చీటీ లేకుండానే ఇచ్చేవాళ్లు. నేనే తెచ్చాను. నేనే పంచాను. సోమవారం అదే చేత్తో కార్డులు నింపాను, మందుల గడి ఖాళీగా వదిలేశాను. అబద్ధం రాయాలని కాదు. మా ఇళ్లల్లో ఆ గోలీని ఎవరూ మందని లెక్కపెట్టరు. పండక్కి గడపకు పసుపు రాసినట్టు, మామిడాకులు కట్టినట్టు అదొక ఏర్పాటు. నేను కూడా బతుకమ్మకు వేసుకున్నాను. నా కార్డులోనూ గడి ఖాళీయే.

దసరా వెళ్లాక ఒక పొద్దున అల్వాల్ వెళ్లేసరికి మేడమ్ గోడకు పెద్ద గ్రాఫు కాగితం అంటించి ఉంచారు. ఒక్కో పిల్లకు ఒక్కో అడ్డగీత, నెలసరి మొదలైన రోజున ఎర్ర పెన్సిలుతో చుక్క. వైశాఖంలో చుక్కలు ఎక్కడివక్కడ చెదిరి ఉన్నాయి. ఆషాఢానికి కొన్ని దగ్గరికి జరిగాయి. దసరాకు వచ్చేసరికి సగం చుక్కలు ఒకే చోట గుంపు కట్టాయి. మేడమ్ ఆ గుంపు మీద వేలు పెట్టారు. "చూశావా? కలిసి వస్తున్నారు. ఆరునెలల్లో కలిసిపోయారు," అన్నారు. తర్వాత వంటింట్లోకి వెళ్లి, ఎప్పుడూ లేనిది తనే నాకు ఉప్మా చేసి పెట్టారు. మాడిపోయింది. ఇద్దరం నవ్వుతూ తిన్నాం. పది రోజుల్లో నగరంలోనే ఒక సదస్సు ఉంది. ఆ గ్రాఫు అక్కడ చూపించాలి. చెమట మేడమ్ అన్నవాళ్లంతా ఆ గదిలో ఉంటారు.

ఆ సాయంత్రం ఇంటికొస్తే మా వదినె పట్టుకుంది. "దీపావళికి కేదారేశ్వర నోముంది కద. నా డేట్ గప్పుడే. రెండు గోలీల పట్టీలు తేవా? మొన్న బతుకమ్మకు ఏసుకున్న, ఆపిన మూడో రోజుకు టంచనుగ వచ్చింది. మంచిగ పనిచేస్తయి."

ఆపిన మూడో రోజుకు టంచనుగా. నేను చెప్పులు కూడా విప్పలేదు, గుమ్మంలోనే కూలబడ్డాను. పండగ ముందు అందరూ ఒకేసారి మొదలుపెట్టారు. పండగ కాగానే అందరూ ఒకేసారి ఆపారు. మూడో రోజు అందరికీ వచ్చింది. బోనాలు, శ్రావణ శుక్రవారం, చవితి, బతుకమ్మ, ఇంచుమించు నెలకొకటి. ఆ చుక్కలను గుంపు కట్టించింది ఎవరి ఒంటి వాసనా కాదు. నేను సంచిలో తెచ్చిన పట్టీలు.

నాలుగు రోజులు చెప్పలేదు. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. చెప్తే నా పని పోతుంది, అదొక్కటే భయమైతే ఇంత నలిగేదాన్ని కాదు. ఆ మాడిన ఉప్మా గుర్తొచ్చేది. ముప్పై ఏళ్లు ఎదురుచూసిన మనిషి మొహంలో ఆ వెలుగు నా నోటితో ఎలా ఆర్పేది? చెప్పకపోతే ఎవరికీ తెలియదు కూడా. ఆ గోలీల సంగతి తెలిసిన ఆడవాళ్లు సదస్సులకు రారు. సదస్సులకు వచ్చేవాళ్లు బోనాలకు ఎవరు ఏ గోలీ వేసుకున్నారో అడగరు. రోజూ వెళ్లేదాన్ని, కార్డులు సర్దేదాన్ని, వచ్చేసేదాన్ని. అయిదో రోజు మేడమ్ సదస్సులో చదవబోయే వ్యాసం నా చేతికిచ్చి, "నీ పేరు కూడా పెట్టాను, అక్షరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడు," అన్నారు. కింద నా పేరుంది. ఇక ఆగలేకపోయాను.

"మేడమ్, పిల్లలు గోలీలు ఏసుకున్నరు."

"ఏం గోలీలమ్మా?"

చెప్పాను. బోనాలకు ఎవరెవరు, చవితికి ఎవరెవరు, ఎక్కడ కొన్నాను, ఎలా పంచాను, నా కార్డు సంగతి, అన్నీ. ఏడుస్తూనే చెప్పాను. ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. గోడ మీది గ్రాఫు వైపు చూశారు.

"నీకు ఎప్పట్నించి తెలుసు?"

"గోలీల ముచ్చట షురూ నుంచి ఎరుకే మేడమ్. చుక్కల ముచ్చట మాత్రం నాలుగు రోజుల సంది. పరేషాన్ అయి చెప్పలే."

తిడతారనుకున్నాను. తిడితే బాగుండు అనుకున్నాను. ఆవిడ లేచి రబ్బరు, పెన్సిలు తెచ్చి, "బోనాలకి ఎవరు వేసుకున్నారు? పేర్లొద్దు, కార్డు నంబర్లు చెప్పు. ఏ రోజున ఆపారు?" అన్నారు. నేను చెబుతుంటే ఒక్కో చుక్క చుట్టూ సున్నా చుట్టారు. ఆ రోజే ఇద్దరం బస్సెక్కి హాస్టల్‌కు వెళ్లాం. ఆవిడ మామూలుగా, కూరేం వండావన్నట్టే అడిగారు. పిల్లలు అంతకన్నా మామూలుగా చెప్పారు. "అవును మేడమ్, ఏసుకున్నం." "ఇదివరకు చెప్పలేదేం?" అంటే, "మీరు అడగలే కద మేడమ్," అన్నారు. ఒకరి తర్వాత ఒకరు అదే మాట. తిరిగొచ్చి సున్నాలు చుట్టిన చుక్కలన్నీ పక్కన పెట్టి చూస్తే, మిగిలినవి వైశాఖంలో ఎలా చెదిరి ఉన్నాయో అలాగే ఉన్నాయి.

"వీళ్లని కలిపింది చెమట కాదమ్మా, పంచాంగం," అన్నారు మేడమ్. అని పకపకా నవ్వారు. నవ్వి, వెళ్లి పెరట్లో కాసేపు ఒక్కరే కూర్చున్నారు. నేను లోపలే నిలబడ్డాను. ఆవిడ ఏడ్చారో లేదో నాకు తెలియదు. కళ్లు కడుక్కుని వచ్చారు.

హాస్టల్‌లో ఇంకొకటి కూడా జరిగింది. స్వప్న అనే పిల్ల బట్టల షాపులో పనిచేసేది. ఆ అమ్మాయి మూడు పండగలకు గోలీలు వేసుకుంది, చెల్లెలి పెళ్లికి మళ్లీ వేసుకుంది. ఆపాక రక్తస్రావం పద్దెనిమిది రోజులుగా ఆగడం లేదట. ఎవరికీ చెప్పలేదు. కార్డులో "ఎన్ని రోజులు" అన్న చోట అయిదని రాయించింది. మేడమ్ ఆ పిల్ల కింది కనురెప్ప లాగి చూసి, మారు మాట్లాడకుండా చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లారు. రక్తం ఎక్కించాల్సి వచ్చింది. స్వప్న బాగుంది, ఇప్పుడు ఇద్దరు పిల్లలు. కానీ ఆ రోజు ఆసుపత్రి బెంచీ మీద మేడమ్ అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "నేను చెమటలో ఏదో వెతుకుతున్నాను. ఆ పిల్ల పాలిపోయి నా ఎదురుగానే కూర్చుంది. గడి గీశాను గానీ అడగలేదు. గడి గీయడం అడగడం కాదు."

సదస్సుకు వెళ్లారు. నన్నూ తీసుకెళ్లారు. నేను వెనక వరుసలో కూర్చున్నాను. ఆవిడ అదే గ్రాఫు చూపించి, ఎలా పొరపాటు పడిందీ, ఆ పొరపాటు ఎలా బయటపడిందీ చెప్పారు. "దీన్ని పట్టుకున్నది నా సహాయకురాలు," అని నన్ను లేపి నిలబెట్టారు. చేసింది కూడా నేనేనని చెప్పలేదు. కొందరు నవ్వారు. ఒక పెద్దాయన, "అయితే మేడమ్, మీ ఫెరోమోన్లు లేనట్టేనా?" అని ఎగతాళిగా అడిగారు. "ప్రశ్న అలాగే ఉందండీ. నా జవాబే పోయింది," అన్నారు ఆవిడ. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని హాయిగా నిద్రపోయారు. నాకే నిద్ర రాలేదు.

ఆ తర్వాత ఆవిడ పని మారింది. వాసనల పుస్తకాలు పక్కన పెట్టి, ప్రతి శనివారం ఏదో ఒక హాస్టల్‌కో, అపార్ట్‌మెంటుకో వెళ్లి ఆడవాళ్లతో కూర్చునేవారు. హార్మోను అంటే ఏమిటి, ఆ గోలీ ఒంట్లో ఏం చేస్తుంది, ఎవరు వేసుకోకూడదు, డాక్టరును అడగకుండా ఎందుకు మింగకూడదు. పూజలు మానమని ఎన్నడూ అనలేదు. హాస్టల్ అక్కతో మాత్రం ఒకరోజు గట్టిగా తగువు పడ్డారు. "అమ్మవారు కూడా ఆడదే కదమ్మా, ఆవిడకి తెలియదా?" అన్నారు. అక్క మూతి ముడుచుకుంది. మరుసటి బోనాలకు గోలీలు తెమ్మని నన్ను అడగలేదు. ఎవరైనా డేట్‌లో ఉంటే, బోనం ఎత్తినవాళ్ల కాళ్ల మీద నీళ్లు పోసే పని వాళ్లకు ఇచ్చింది. అదే మేడమ్‌కు పెద్ద గెలుపు. ఆగిపోయిన నా డిగ్రీకి మళ్లీ ఫీజు కట్టించింది, ఈ ఉద్యోగానికి పంపింది కూడా ఆవిడే. వెళ్లేటప్పుడు, "అడుగు. చీదరించుకున్నా అడుగు," అన్నారు.

చివరి రెండేళ్లు ఆవిడకు వాసన తెలియడం మానేసింది. వయసుతో వచ్చేదే అన్నారు డాక్టర్లు. నేను ఆదివారాలు వెళ్లేదాన్ని. నా టిఫిన్ డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, "ఏంటివాళ?" అని అడిగేవారు. "పచ్చిపులుసు మేడమ్," అంటే కళ్లు మూసుకుని, తెలిసినట్టే తలూపేవారు.

కర్మలన్నీ అయ్యాక తమ్ముడు గారు పిలిచి ఒక అట్టపెట్టె ఇచ్చారు. మూత మీద ఆవిడ చేతిరాతతో నా పేరుంది. లోపల ఆ పాత కార్డులు, నలభై రెండూ, నంబర్ల వరసలో. ఎప్పుడో చింపేసి ఉంటారనుకున్నాను. అల్వాల్ ఇంట్లో ఆ కిటికీ దగ్గరే కూర్చుని మొదటి కార్డు తీశాను. అన్ని గడుల్లోనూ నా రాత. మందుల గడిలో మాత్రం, నేను ఖాళీగా వదిలిన చోట, పెన్సిలుతో సన్నగా ఆవిడ రాత. "అడగలేదు."

రెండో కార్డులోనూ అదే. మూడో దాంట్లోనూ. "పైదే" అని గుర్తు పెట్టి ఊరుకోలేదు. స్వప్న కార్డులో ఆ మాట కింద గీత కూడా ఉంది. ఒక్కొక్కటీ తీసి చూస్తూ పోయాను. నలభై ఒక్క సార్లు, ఒక్కో అక్షరం విడిగా, ఓపిగ్గా రాసుకున్నారు. తప్పు నాది. ఆవిడ నలభై ఒక్క చోట్ల తన పేరున రాసుకున్నారు.

చివర్లో నా కార్డు. దాన్ని తీయడానికి చెయ్యి రాలేదు. తమ్ముడు గారు మంచినీళ్లు తెచ్చి పక్కన పెట్టి వెళ్లారు. అవి తాగి తీశాను. మందుల గడిలో వేరే మాట ఉంది.

"చెప్పింది."

కార్డు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాను. పాత అట్ట వాసన, పెన్సిలు వాసన. పక్క గదిలో ఎవరో అగరొత్తి వెలిగించారు. పొగ ఇటు రాకముందే లేచి, పెట్టె మూత మూసి, తలుపు దగ్గరగా వేశాను.